తలదాచుకునే చోటే తొలి మందు



ప్రతిసారీ ఈ పేజీలో ఏదో ఒక జబ్బు గురించి రాస్తుంటాము. ఈసారి ఒక జబ్బు గురించి కాకుండా, ఎన్నో జబ్బులు పుట్టడానికీ ఆగడానికీ కారణమయ్యే ఒక సంగతి గురించి రాస్తున్నాము. అది నీడ. ఇల్లూ ఊరూ విడిచి కట్టుబట్టలతో వచ్చినవారికి మనం చూపించే చోటు. ఆ చోటు సరిగా ఉంటే సగం వైద్యం అక్కడే జరిగిపోతుంది. సరిగా లేకపోతే ఎంత మంచి ఆసుపత్రి ఉన్నా చాలదు.

మన పిట్లం, బాన్సువాడ వైపు ‘క్యాంపు’ అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్క అర్థం. నిజాంసాగర్ నీళ్ళు చూసి కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్ళను నేటికీ క్యాంపులనే పిలుస్తాము. గల్ఫ్‌కు పోయిన కొడుకు ఫోను చేసి “క్యాంపులో ఉన్నానమ్మా” అంటే అది కంపెనీ కూలీల వసతి. కంటి క్యాంపు, షుగరు క్యాంపు అంటే మా పని. వీటన్నిటికీ దూరంగా ఇంకొక క్యాంపు ఉంది. యుద్ధం వల్లనో, కాల్పుల వల్లనో, వరద వల్లనో ఇల్లు పోగొట్టుకున్నవారు ఉండే క్యాంపు. అది మనకు సంబంధం లేనిది అనుకుంటాము. కాని అది మనకు చాలా దగ్గరి సంగతి.

ఎవరు శరణార్థులు?

ప్రాణభయంతో దేశం సరిహద్దు దాటి వచ్చినవారిని శరణార్థులు అంటారు. 1951లో జెనీవాలో కుదిరిన ఒప్పందం ఈ నిర్వచనాన్ని ఇచ్చింది. మన దేశం ఆ ఒప్పందం మీద సంతకం చేయలేదు, అయినా టిబెట్ నుంచి, శ్రీలంక నుంచి, తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన లక్షలాది మందికి చోటు ఇచ్చింది. సరిహద్దు దాటకుండా, సొంత దేశంలోనే ఇల్లు విడిచి పారిపోయినవారిని నిర్వాసితులు అంటారు. పేరు ఏదైనా కష్టం ఒక్కటే.

ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో ఇలా ఇల్లు విడిచినవారు 12 కోట్ల 32 లక్షల మంది. వీరిలో ఎక్కువ మంది సొంత దేశంలోనే ఉన్నారు. ఇంకొక మాట కూడా గమనించండి. శరణార్థులంటే మనకు వెంటనే గుడారాల వరుసలు గుర్తుకు వస్తాయి. నిజానికి ఎక్కువ మంది గుడారాల్లో లేరు. ఊళ్ళల్లో, పట్టణాల్లో, అద్దె గదుల్లో, చుట్టాల ఇళ్ళల్లో, ఎవరో జాలిపడి చూపించిన వరండాల్లో ఉన్నారు.

ఆ వరుసలో మనవాళ్ళూ నిలబడ్డారు

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. అప్పటికి అక్కడ దాదాపు 1 లక్షా 70 వేల మంది భారతీయులు ఉన్నారు. వారిలో కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన తెలుగువారు ఎందరో. నిన్నటి వరకు జీతం తీసుకొని ఇంటికి డ్రాఫ్టు పంపినవారు ఒక్క రోజులో దిక్కులేనివారయ్యారు. బస్సుల్లో, లారీల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ సరిహద్దుకు చేరారు. అక్కడ ఎడారిలో గుడారాలు. పగలు మండే ఎండ, రాత్రి చలి, తాగే నీటికి పెద్ద వరుస. ఎన్నో దేశాల కూలీలు అదే ఇసుకలో కూర్చొని తమ దేశపు విమానం కోసం ఎదురుచూశారు.

ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 వరకు అమ్మాన్ నుంచి బొంబాయికి 488 విమానాలు తిరిగి 1 లక్షా 11 వేల మందికి పైగా మనవారిని చేర్చాయి. విమానాల సంగతి అందరూ చెప్పుకుంటారు. విమానం ఎక్కే వరకు వాళ్ళకు నీళ్ళిచ్చిన, గుడారం వేసిన, రొట్టె పెట్టిన జోర్డాన్ వాళ్ళ సంగతి తక్కువగా చెప్పుకుంటాము. చిన్న దేశం, నీటి కరువున్న దేశం. ముక్కూ మొహం తెలియని మన కూలీలకు వాళ్ళు తలుపు తెరిచారు. గల్ఫ్‌లో మనుషులున్న ఇళ్ళు మన మండలంలో ఎన్ని ఉన్నాయో మీకు వేరే చెప్పనక్కర లేదు. శరణార్థి అంటే ఎవరో పరాయివాడు అనుకునే ముందు ఈ సంగతి తలచుకోవాలి.

1971: కోటి మంది, రెండు గదులు

తలదాచుకునే చోటుకూ ప్రాణానికీ ఉన్న సంబంధం మన దేశంలో అందరికన్నా గట్టిగా తెలిసిన సంవత్సరం 1971. ఆ ఏడాది మార్చి తరువాత తూర్పు పాకిస్తాన్ నుంచి, అంటే నేటి బంగ్లాదేశ్ నుంచి, దాదాపు కోటి మంది మన దేశంలోకి వచ్చారు. డిసెంబరు నాటి లెక్క చూస్తే 825 శిబిరాల్లో సుమారు 68 లక్షల మంది ఉన్నారు. మిగిలిన 31 లక్షల మంది శిబిరాలకు పోలేదు, స్థానికుల ఇళ్ళల్లో ఉన్నారు. మనలాంటి మామూలు కుటుంబాలే వాళ్ళకు వండిపెట్టి, పడుకోను చాప ఇచ్చాయి.

శిబిరాల్లో చోటు చాలలేదు. కలకత్తా పక్కన సాల్ట్‌లేక్‌లో మురుగు కాలువల కోసం తెచ్చిపెట్టిన పెద్ద సిమెంటు గొట్టాల్లో కుటుంబాలు కాపురం పెట్టాయి. గొట్టంలో వాన తడపదు, కనుక అది పైకప్పే. కాని దొడ్డి లేదు, మంచినీళ్ళు లేవు, మనిషికీ మనిషికీ మధ్య జానెడు ఎడం లేదు. వానాకాలం మొదలు కాగానే శిబిరాల్లో కలరా చెలరేగింది.

సరిహద్దు పట్టణమైన బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులకు ఇచ్చింది రెండు గదులు, 16 మంచాలు. జూన్ నెలలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు అక్కడికి వెళ్ళేసరికి నేల మీద అడుగు పెట్టే చోటు లేదు. వాంతుల్లో, విరేచనాల్లో మోకరిల్లి కూర్చొని రోగులకు సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. ఆ సెలైన్ సీసాలు కూడా అయిపోవచ్చాయి. అప్పుడు ఆయన తన బృందంతో కలిసి ఉప్పు, వంట సోడా, గ్లూకోజు తూకం వేయించి పొట్లాలు కట్టించారు. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల సోడా. ఆ నీళ్ళను డ్రమ్ముల్లో కలిపి పెట్టి, రోగి పక్కన ఉన్న తల్లికీ అన్నకీ గ్లాసు చేతికిచ్చి తాగించమన్నారు.

అప్పటి వరకు శిబిరాల్లో కలరా వచ్చిన 100 మందిలో 30 మంది దాకా చనిపోతుంటే, ఈ పద్ధతిలో ఆ సంఖ్య నలుగురి లోపుకు దిగింది. నేడు మీరు మా ఓపీలో తీసుకుపోయే ఓఆర్ఎస్ పొట్లం వెనుక ఉన్న కథ ఇది. మహలనబిస్ గారు 2022లో కన్నుమూశారు, 2023లో ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

నర్సులుగా మేము ఈ కథలో రెండు పాఠాలు చూస్తాము. ఒకటి, రోగిని బతికించే పని ఇంటివాళ్ళ చేత చేయించవచ్చు. మా పిల్లల వార్డులో విరేచనాలతో బిడ్డను తెచ్చినప్పుడు “నీళ్ళు పడితే ఇంకా ఎక్కువ పోతున్నాయమ్మా, అందుకే ఆపినాము” అనే అమ్మమ్మలు నేటికీ ఉన్నారు. ఆపకూడదు, గుక్క గుక్కగా పడుతూనే ఉండాలి. రెండవది, ఓఆర్ఎస్ కలరా వచ్చినవాడిని బతికించింది కాని కలరాను రానీయకుండా ఆపలేదు. అది ఆపవలసింది శిబిరం. శుభ్రమైన నీరు, దూరంగా దొడ్డి, చేతికి సబ్బు ఉంటే ఆ 16 మంచాలే సరిపోయేవి.

పైకప్పు కింద ఏమేమి ఉండాలి?

ఇటువంటి అనుభవాలన్నీ కూడి, రెడ్‌క్రాస్ వారూ అనేక సేవా సంస్థలూ కలిసి 1997లో స్ఫియర్ అనే పేరుతో కొన్ని కనీస కొలతలు నిర్ణయించే పని మొదలుపెట్టారు. ప్రపంచంలో ఏ శిబిరమైనా ఈ కొలతలతోనే చూస్తారు. మీకు అర్థమయ్యే లెక్కల్లో చెబుతాము.

చోటు: మనిషికి కప్పు కింద కనీసం మూడున్నర చదరపు మీటర్లు, అంటే సుమారు 38 చదరపు అడుగులు. ఒక చాప పరచి, పక్కన మూట పెట్టుకొని, కాళ్ళు చాపుకొనేంత. ఇంతకన్నా ఇరుకైతే దగ్గు, తట్టు, గజ్జి, క్షయ ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతాయి.

నీళ్ళు: తాగడానికి, వంటకు, ఒంటికి కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు, అంటే ఒక బకెట్టు. ఒక కుళాయి మీద 250 మందికి మించి ఆధారపడకూడదు.

దొడ్డి: 20 మందికి ఒకటి. ఆడవారికి ఎక్కువ, మగవారికి తక్కువ ఉండాలి. ముగ్గురు ఆడవారి దొడ్లకు ఒకటి మగవారిది అన్నది లెక్క. ఇంటి నుంచి 50 మీటర్ల లోపు ఉండాలి, బావికి, బోరింగుకు కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి. దారిలో దీపం, తలుపుకు లోపలి గడియ తప్పనిసరి.

ఈ గడియ సంగతి చిన్నదిగా కనబడుతుంది. గడియ లేని దొడ్డికి ఆడపిల్ల పగలు పోదు. చీకటి పడే వరకు ఆపుకుంటుంది. దాహమేసినా నీళ్ళు తాగదు. తరువాత మూత్రంలో మంటతో, చలిజ్వరంతో మా దగ్గరికి వస్తుంది. చీకట్లో ఒంటరిగా బయటికి పోతే జరగరాని సంగతులు జరగవచ్చు. ఒక ఇనుప గడియ ఖరీదు ఎంత? అది కూడా మందే.

టీకా: శిబిరం మొదలైన తొలి రోజుల్లోనే 6 నెలల నుంచి 15 ఏళ్ళ లోపు పిల్లలకు తట్టు టీకా, దానితోపాటు వారిలో 5 ఏళ్ళ లోపువారికి విటమిన్ ‘ఏ’ వేయాలని నియమం. కిక్కిరిసిన చోట తట్టు అగ్గిలా పాకుతుంది, బలహీనంగా ఉన్న పిల్లలను న్యుమోనియాతో తీసుకుపోతుంది.

నిప్పు: గుడిసెకూ గుడిసెకూ మధ్య కనీసం 2 మీటర్ల ఎడం. వెదురు, ప్లాస్టిక్ పట్టాలతో కట్టిన గుడిసెలకు ఒక్క దీపం చాలు. హైదరాబాదులో బాలాపూర్ వైపు మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా కుటుంబాలు ఇలాంటి గుడిసెల్లోనే, ఖాళీ ప్లాట్లకు అద్దె కట్టుకుంటూ ఉంటున్నాయి. ఒకదానికొకటి ఆనుకున్న గుడిసెల్లో నిప్పు భయం ఎప్పుడూ ఉండేదే.

గోదావరి వైపు గుత్తికోయలు

ఈ కొలతలేవీ అందని మనుషులు మన తెలంగాణలోనే ఉన్నారు. వారు గుత్తికోయలు. కొందరు గొత్తికోయలని రాస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ అడవుల ఆదివాసులు.

2005లో అక్కడ సల్వాజుడుం మొదలైంది. ఒక వైపు మావోయిస్టులు, ఇంకొక వైపు సల్వాజుడుం, పోలీసులు. మధ్యలో పల్లెలు. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్కన ప్రభుత్వ శిబిరాలకు చేర్చారు. శిబిరానికి పోతే ఒకరికి కోపం, పోకపోతే ఇంకొకరికి కోపం. అందుకని చాలా కుటుంబాలు పిల్లలను చంకన వేసుకొని, అడవిలో నడిచి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాలకు వచ్చాయి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు, ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా దింపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. కాని వచ్చినవారిలో ఎక్కువ మంది తిరిగి పోలేదు. పోవడానికి అక్కడ ఇల్లు మిగలలేదు.

మొదట వాళ్ళకు చోటిచ్చినవారు ఇక్కడి కోయలు. భాష కొంత కలుస్తుంది, బంధుత్వాలు కొన్ని ఉన్నాయి. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, ఏటూరునాగారం, తాడ్వాయి వైపు పల్లెల పక్కన కర్ర, మట్టి, గడ్డితో గుడిసెలు లేచాయి. మిరప తోటల్లో కోతకు వాళ్ళ చేతులు కావలసి వచ్చాయి, వాళ్ళకు కూలి కావలసి వచ్చింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోవడంతో నేడు వీరు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే నేల దగ్గర. వాళ్ళు గుడిసె వేసుకున్నది చాలా చోట్ల రిజర్వు అడవిలో. పోడు కొట్టుకుంటే అడవి శాఖ ఊరుకోదు. అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్నవారికే హక్కు. వీళ్ళలో ఎక్కువ మంది ఆ సమయానికి అటూ ఇటూగానే వచ్చారు. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనులుగా గుర్తింపు ఉన్నా ఇక్కడ ఆ పత్రం దొరకడం కష్టం. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అడవి శాఖవారు గుడిసెలు కూల్చివేసినప్పుడు సంగతి హైకోర్టుకు వెళ్ళింది, వాళ్ళను ఖాళీ చేయించవద్దని కోర్టు ఆపింది. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో మొక్కల గొడవలో ఒక అటవీ రేంజ్ అధికారి ప్రాణం పోయింది. నేల తగాదా తీరకపోతే రెండు వైపులా ఇళ్ళు ఏడుస్తాయని దీనివల్ల తెలుస్తున్నది. అప్పటి ములుగు శాసనసభ్యురాలు సీతక్క గారు ఈ గొత్తికోయల బతుకుల మీదే పరిశోధన చేసి 2022లో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు.

ఇందులో ఆరోగ్యం సంగతి ఏమిటని మీరు అడగవచ్చు. చాలా ఉంది. రేపు ఉంటుందో లేదో తెలియని గుడిసెకు ఎవరూ దొడ్డి కట్టుకోరు. బోరింగు వేయడానికి అది ఊరుగా లెక్కలో ఉండాలి. లెక్కలో లేని చోట వాగు పక్కన చెలిమె తోడుకొని తాగుతారు. అడవి మలేరియాకు దోమతెర కట్టాలంటే కట్టడానికి నిలకడైన ఇల్లు ఉండాలి. బిడ్డకు టీకా వేసిన ఆశా కార్యకర్త మరుసటి నెల వచ్చేసరికి ఆ కుటుంబం వేరే గుట్టకు మారిపోతే రెండో మోతాదు ఎక్కడ వేస్తుంది? రోడ్డు లేక, నెలలు నిండిన ఆడమనిషిని జోలె కట్టి మోసుకొచ్చే దృశ్యాలు మీరు టీవీలో చూసే ఉంటారు.

శిబిరంలో పైకప్పు ఉండి మిగతావి లేకపోతే ఏమవుతుందో బన్‌గావ్ చెప్పింది. నిలకడ లేకపోతే మిగతావి ఎందుకు అందవో గుత్తికోయల గుడిసెలు చెబుతున్నాయి.

ఆశ్రయం ఇచ్చే ఇల్లు అలసిపోకూడదు

మన పల్లెల్లో ఇంటికి వచ్చినవారిని పొమ్మనరు. అది మన గొప్ప. అయితే రెండు రోజుల చుట్టరికం వేరు, రెండు నెలల చుట్టరికం వేరు. నలుగురికి సరిపోయే ఇంట్లో తొమ్మిది మంది ఉంటే బియ్యం తరుగుతాయి, నీళ్ళు తరుగుతాయి, ఓపిక కూడా తరుగుతుంది. ఇంటి కోడలికి పని రెట్టింపవుతుంది, ఆమె సంగతి ఎవరూ అడగరు. ఊరి విషయమూ అంతే. బయటివారు రాగానే కూలి రేటు పడిపోయిందని, అద్దె పెరిగిందని, కుళాయి దగ్గర వరుస పెరిగిందని గొణుగుడు మొదలవుతుంది. అందులో నిజమూ ఉంటుంది.

అందుకే అనుభవం ఉన్న సంస్థలు వచ్చినవారికే కాకుండా ఆశ్రయం ఇచ్చిన ఇంటికి కూడా సహాయం చేయాలంటాయి. బోరింగు వేస్తే ఇద్దరూ తోడుకునే చోట వేయాలి. వైద్య శిబిరం పెడితే ఇద్దరికీ పెట్టాలి. మన సంఘంలో ఎవరైనా బంధువులకో, వలస కూలీలకో ఇంట్లో చోటిచ్చి ఉంటే, వారికి ఒక సంచి బియ్యం పంపండి. ఆ ఇల్లాలిని ఒక పూట కూర్చోబెట్టి ఆమెకు బీపీ చూపించండి.

రేపు మన హాలు తెరవవలసి వస్తే

ఇది ఎక్కడో జరిగే సంగతి కాదు. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో మన కామారెడ్డి, మెదక్ జిల్లాల్లో కురిసిన కుండపోతకు కామారెడ్డి పట్టణంలో కాలనీలు మునిగాయి, రోడ్లూ రైలు కట్టలూ తెగాయి, ఇళ్ళు విడిచినవారికి అప్పటికప్పుడు చోటు చూడవలసి వచ్చింది. మంజీర పక్కన ఉన్నవాళ్ళం, నాందేడ్ పోయే జాతీయ రహదారి మీద ఉన్నవాళ్ళం. వరద వచ్చినా, 2020 లాక్‌డౌన్ నాటి మాదిరి కూలీలు రోడ్డున పడ్డా, బడి గది, ఫంక్షన్ హాలు, గుడి, మసీదు, చర్చి హాలు ఏదో ఒకటి తెరవాలి. అప్పుడు వెతుక్కోకుండా ఇప్పుడే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

1. హాలు కొలవండి. 40 అడుగుల పొడవు, 25 అడుగుల వెడల్పు ఉన్న హాలు 1000 చదరపు అడుగులు. దాన్ని 38తో భాగిస్తే 26 మంది. ఒక్క వాన రాత్రి ఎక్కువ మందిని కూర్చోబెట్టవచ్చు. రోజులు గడిచేటట్లయితే మిగిలినవారికి ఇంకొక చోటు చూడాలి.

2. నీళ్ళు లెక్క పెట్టండి. 26 మందికి రోజుకు 390 లీటర్లు, అంటే 200 లీటర్ల డ్రమ్ములు రెండు. తాగే నీటికి మూత, పొడవు కాడ ఉన్న ముంత వేరుగా ఉండాలి. క్లోరిన్ బిళ్ళలు వేయాలి, లేదా నీళ్ళు మరగకాచాలి.

3. 26 మందికి దొడ్లు రెండు కావాలి. గడియ, బల్బు, నీళ్ళు, సబ్బు చూడండి. ఆడవారి వైపు మూత ఉన్న చెత్త డబ్బా పెట్టండి, నెలసరి గుడ్డలకు, ప్యాడ్లకు.

4. ఒక మూల చీరో దుప్పటో అడ్డం కట్టి బాలింతలకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వండి. పాలడబ్బాలు పంచవద్దు. శుభ్రమైన నీరు లేని చోట సీసా పాలు బిడ్డకు విరేచనాలు తెస్తాయి. తల్లికి కడుపునిండా అన్నం పెడితే బిడ్డకు పాలు ఉంటాయి.

5. వచ్చిన రోజే ఒక నోటుబుక్కులో రాయండి: గర్భిణులు ఎవరు, ఎన్నో నెల, టీబీ, షుగరు, బీపీ, ఫిట్స్ మందులు వాడేవారు ఎవరు. ఇంట్లో మందులు కొట్టుకుపోయి ఉంటాయి. టీబీ మందు, ఫిట్స్ మందు, ఇన్సులిన్ ఒక్క రోజు కూడా ఆగకూడదు. వెంటనే ఆశా కార్యకర్తకో, దగ్గరి ఆసుపత్రికో తెలపండి.

6. తగ్గని దగ్గు ఉన్నవారిని కిటికీ పక్కన పడుకోబెట్టండి. చలి వేసినా ఎదురెదురు కిటికీలు రెండు తెరిచే ఉంచండి.

7. వంట హాలు బయట. పొయ్యి పొగ లోపలికి రాకూడదు.

8. నేల మీద పడుకునేవారికి దోమతెర ఇచ్చి అంచులు చాప కిందికి మడవమనండి. వరద తరువాత పాములు, తేళ్ళు పొడి చోటు వెతుక్కుంటాయి. పాము కరిస్తే కోయవద్దు, కట్టు బిగించవద్దు, నడిపించవద్దు. 108కి ఫోను చేయండి.

9. విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్. పొట్లం లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలవాలి. బిడ్డ కళ్ళు లోపలికి పోయినా, తాగలేకపోయినా, మూత్రం ఆగినా, రక్తం పడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తేవాలి.

10. కులం, మతం అడగవద్దు. అందరికీ ఒకే బిందె, ఒకే వరుస, ఒకే గ్లాసు. మన ఊళ్ళలో కొందరిని సహాయ శిబిరంలో కూడా చివర నిలబెట్టే అలవాటు ఇంకా పోలేదు. మన హాలులో అది జరగకూడదు.

ఏమి ఇవ్వాలని చాలా మంది అడుగుతారు. పాత బట్టల మూటలు ఎప్పుడూ ఎక్కువే వస్తాయి. తక్కువపడేవి ఇవి: మూత ఉన్న బకెట్టు, మగ్గు, సబ్బులు, దోమతెర, చాప, కొత్త లోదుస్తులు, ప్యాడ్లు, టార్చిలైటు, చిన్న తాళం. తాళం ఎందుకంటారా? మిగిలిన నాలుగు కాగితాలు, నాలుగు రూపాయలు పెట్టె లోపల భద్రంగా ఉన్నాయని తెలిస్తేనే ఆ మనిషికి రాత్రి నిద్ర పడుతుంది. నిద్ర పట్టినవాడే తెల్లారి లేచి పని వెతుక్కుంటాడు.

ఇంకొక్క మాట. వచ్చినవారిని “వరదోళ్ళు”, “క్యాంపోళ్ళు” అని పిలవవద్దు. పేరు అడిగి, అక్క, అన్న, పెద్దమ్మ అని వరుస కలిపి పిలవండి. హాలులో వంట ఎవరు చేయాలి, దొడ్డి ఎవరు కడగాలి అన్నది వాళ్ళనే కూర్చోబెట్టి నిర్ణయించుకోమనండి. అన్నీ పోగొట్టుకున్నవారికి ఒక పని, ఒక మాట చెల్లడం చాలా బలాన్నిస్తుంది.

వచ్చే సంఘ కమిటీ కూడిక నాడు ఒక టేపు పట్టుకొని మీ హాలు కొలవండి. దొడ్ల గడియలు పడుతున్నాయో లేదో చూడండి. నీళ్ళ డ్రమ్ములు ఎన్ని ఉన్నాయో, తాళంచెవి రాత్రిపూట ఎవరి దగ్గర ఉంటుందో ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఎలా చేయాలో తెలియకపోతే మా నర్సింగ్ విభాగానికి కబురు చేయండి. మా నర్సులు వచ్చి మీతోపాటు కొలుస్తారు.